గోదారి 43 అడుగులంటే మా గుమ్మానికి ఎంత దూరం?

ప్రశ్న: సార్, నమస్తే. నేను ప్రభుత్వ టీచర్ని. బదిలీ మీద గత ఏడాది భద్రాచలం వచ్చాం. మాది నల్గొండ వైపు. చెరువు అలుగు పోయడం తప్ప వరద అంటే ఏంటో తెలియదు. ఇక్కడ కరకట్టకు లోపల, కాస్త పల్లంగా ఉన్న వీధిలో కింది పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. వానాకాలం వస్తే చాలు, వాట్సాప్ గ్రూపులో గంటకో మెసేజ్. 41 అడుగులు, 42.6, మొదటి ప్రమాద హెచ్చరిక, ఇన్ని లక్షల క్యూసెక్కులు అంటారు. నాకు నిద్ర పట్టదు. ఓనర్ ఏమో "కరకట్ట ఉందిగా మేడం, భయం లేదు" అంటారు. పక్కింటి పెద్దాయన "86లో వచ్చింది వందేళ్ల వరద, మళ్లీ మన జన్మలో రాదు" అంటారు. ఇక్కడ 1/70 చట్టం (ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదనేది) కాబట్టి స్థలం కొనలేం. అందుకని మావారు ఖమ్మంలో మున్నేరుకు దగ్గర్లో ఒక ప్లాటు చూస్తున్నారు. ఎఫ్‌టీఎల్‌లో లేదు, బఫర్‌లో లేదు, ఎల్ఆర్ఎస్ కూడా కట్టారని ఏజెంటు చెప్పాడట. ఈ మాటల అర్థం ఏంటి? ఎవరిని నమ్మాలి? మా అత్తయ్యకు షుగర్, మోకాళ్ల నొప్పులు. అయినా గోదారి పెరిగినప్పుడల్లా వెళ్లి పసుపు కుంకుమ వేసొస్తానంటుంది. ఆపాలా, తీసుకెళ్లాలా?
— ఒక టీచర్, భద్రాచలం

జవాబు: అమ్మా, ముందు మీ టెన్షన్ సగం తగ్గించే మాట ఒకటి చెప్తాను. 43 అడుగులంటే మీ వీధిలో 43 అడుగుల నీళ్లని కాదు. గోదావరి లోతు 43 అడుగులనీ కాదు. ఒడ్డున ఉన్న కొలబద్ద మీద నీటి అంచు ఏ గీత దగ్గర ఉందో ఆ అంకె, అంతే. సున్నా గీత ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టి ఆ అంకె మారిపోతుంది. మీ గోదావరే కిందికి పోయి ధవళేశ్వరం చేరేసరికి అక్కడ మొదటి హెచ్చరిక 11.75 అడుగులకే ఇస్తారు. భద్రాచలంలో 43, ధవళేశ్వరంలో 11.75 అంటే అక్కడ వరద తక్కువనుకునేరు. భద్రాచలంలో 43 అడుగుల దగ్గర పారేది సుమారు తొమ్మిదిన్నర లక్షల క్యూసెక్కులు, ధవళేశ్వరంలో 11.75 దగ్గర పారేది పది లక్షలు. దాదాపు ఒకే వరద. కొలబద్దలే వేరు. అందుకే మీ గ్రూపులో ఎవరైనా రెండు ఊళ్ల అడుగులు పక్కపక్కన పెట్టి పోలిస్తే ఆ మెసేజ్ వదిలేయండి.

నేను ఉద్యోగం మొదట్లో ఒక చిన్న వాగు మీద గేజి (అంటే ఈ కొలబద్దే) రీడింగులు రాశాను. రాత్రి రెండింటికి, గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, టార్చి కొలబద్ద మీద వేసి నిలబడితే నీళ్లు ఒక చోట ఆగవు. అల వచ్చి గీతకు పైన తాకుతుంది, మళ్లీ కిందికి దిగుతుంది. పైదీ కిందదీ చూసి మధ్యలో రాసుకోవాలి. నది పెద్దదైనా పద్ధతి ఇదే. కాబట్టి 42.6, 42.7 అని గ్రూపులో రెండు అంకెలు వచ్చి జనం కొట్టుకుంటుంటే, ఆ తేడా గురించి మీరు నిద్ర పాడు చేసుకోకండి.

ఇంకో గందరగోళం కూడా ఉంది. మన దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. కేంద్ర జల సంఘం వాళ్లు మాత్రం సముద్ర మట్టం నుంచి మీటర్లలో చెప్తారు. భద్రాచలానికి వాళ్ల హెచ్చరిక మట్టం 45.72 మీటర్లు, ప్రమాద మట్టం 48.77 మీటర్లు. బడిలో పిల్లలకు చదువు చెప్పేవారు కాబట్టి ఈ లెక్క మీరే చేసి చూడండి. 45.72 మీటర్లంటే 150 అడుగులు. 48.77 అంటే 160 అడుగులు. రెండింట్లోంచీ 107 తీసేస్తే 43, 53 వస్తాయి. అంటే ఊళ్లో కొలబద్ద సున్నా సముద్ర మట్టానికి 107 అడుగుల ఎత్తున ఉందన్నమాట. ఇక మన మొదటి హెచ్చరికే వాళ్ల హెచ్చరిక మట్టం, మన మూడోదే వాళ్ల ప్రమాద మట్టం. 48 దాటాక మన ఛానెల్ "రెండో ప్రమాద హెచ్చరిక" అని ఎర్ర అక్షరాలు తిప్పుతుంటే, ఇంకోచోట "ఇంకా ప్రమాద మట్టం దాటలేదు" అని కనిపిస్తుంది. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఎవరూ ఏమీ దాచడం లేదు.

ఈ 107ని ఎక్కడైనా రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

క్యూసెక్కు సంగతి తొందరగా చెప్పేస్తాను. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, అంటే 28 లీటర్ల పైచిలుకు. మీ ఇంటికొచ్చే ఇరవై లీటర్ల వాటర్ క్యాను ఒకటిన్నరకు కాస్త తక్కువ. ఒక రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 2022 జూలై 16న భద్రాచలంలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు పారింది 24 లక్షల క్యూసెక్కుల పైనే. అదే జోరులో ఒక్క రోజు పారితే రెండు శ్రీరాంసాగర్లు నిండి ఇంకా మిగులుతుంది. అడుగులు మీ ఊరికి మాత్రమే పనికొచ్చే లెక్క. క్యూసెక్కులు ఊరు మారినా మారని లెక్క. పై ఊళ్ల నుంచి ఏం వస్తోందో తెలుసుకోవాలంటే క్యూసెక్కులు చూడాలి, మీ ఊళ్లో ఎంత ఎత్తుకు వస్తుందో తెలియాలంటే అడుగులు చూడాలి.

మీరు గమనించారో లేదో, 43 నుంచి 48కి వెళ్లడానికి రెండు లక్షల క్యూసెక్కులు అదనంగా వస్తే చాలు. 48 నుంచి 53కి ఎక్కాలంటే మూడు లక్షల దాకా కావాలి. పైకి వెళ్లే కొద్దీ నది ఒడ్డు దాటి పక్కకు పరుచుకుంటుంది, అందుకే ఒక్కో అడుగు ఎక్కడానికి మరింత నీరు పడుతుంది. అలా పరుచుకునే జాగానే వరద మైదానం అంటారు. గోదారికి అది పొరుగు ఆస్తి కాదు, సొంత వాకిలే. కాకపోతే రోజూ వాడుకోదు.

ఇక మీ ఓనర్ గారి కరకట్ట. ఈ మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ ఇంటి సంగతి తేలేది ఇక్కడే.

1986 ఆగస్టు 16న 75.6 అడుగులు వచ్చినప్పుడు ఈ కట్ట లేదు. గోదారి నేరుగా ఊళ్లోకి నడిచొచ్చింది. 2022లో 71.3 వచ్చినా కట్ట నిలబడింది. ఆ మేరకు ఓనర్ గారి మాట నిజమే. అయినా ఆ ఏడాది కట్టకు లోపల సుభాష్ నగర్, అయ్యప్ప కాలనీ లాంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. రామాలయం పక్క విస్తా కాంప్లెక్స్ అయితే మామూలు వరదల్లోనూ మునుగుతుంది. కట్ట తెగకుండా ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి?

ఊళ్లో పడిన వాన, మురుగు కాలువల నీళ్లు కట్ట కింద ఉన్న తూముల గుండా గోదాట్లో కలుస్తాయి. నది తగ్గి ఉన్నంత కాలం ఇబ్బంది లేదు. నది పెరిగి తూము కన్నా ఎత్తుకు వచ్చిందంటే నీళ్లు వెనక్కి తిరుగుతాయి, గోదారే ఆ తూములోంచి ఊళ్లోకి వచ్చేస్తుంది. అందుకని షట్టర్లు దించేస్తారు. దించగానే ఊరి నీళ్లకు దారి మూసుకుపోతుంది. ఆ సమయంలో ఊళ్లో కుండపోత వాన పడితే నీళ్లన్నీ పల్లం వెతుక్కుంటూ వచ్చి చేరతాయి. మోటార్లు పెట్టి కట్ట అవతలికి తోడాలి. మోటార్లు తోడేదాని కన్నా వాన ఎక్కువైనా, షట్టరు సరిగ్గా కూర్చోక నీళ్లు లీకైనా, కరెంటు పోయి మోటార్లు ఆగినా మునిగేది పల్లపు వీధులే. గిన్నెను బోర్లించకుండా నీళ్లలో పెట్టామనుకోండి. బయటి నీళ్లు రావు. కానీ గిన్నెలో వాన పడితే?

అంటే మీకు రెండు నీళ్లున్నాయి. కట్ట అవతల గోదారి, కట్ట ఇవతల ఊరి నీరు. వాట్సాప్‌లో వచ్చే అంకె గోదారిది. మీ వీధి నీటికి అంకె ఎవరూ చెప్పరు, మీరే చూసుకోవాలి. గోదారి 45 దగ్గర ఉండి, తూములు మూసి ఉండి, భద్రాచలంలో ఆ రాత్రి గట్టి వాన పడితే మీకు ఇబ్బంది రావచ్చు. గోదారి 52 ఉండి, ఇక్కడ ఎండ కాస్తుంటే మీ గుమ్మం పొడిగానే ఉండొచ్చు. కాబట్టి రోజూ మూడు విషయాలు కనుక్కోండి. గోదారి ఎంత, షట్టర్లు దించారా, ఈ రాత్రి ఊళ్లో వాన ఉందా.

గోదారి ఎంత అన్నదాంట్లోనూ అంకె కన్నా నడక ముఖ్యం. పొద్దున ఆరింటికి ఎంత, తొమ్మిదింటికి ఎంత, పన్నెండింటికి ఎంత అని ఒక కాగితం మీద రాసుకోండి. గంటకు అర అడుగు ఎక్కేది పావు అడుగుకు, తర్వాత అంగుళానికి తగ్గిందంటే వరద నిలకడకు వస్తోందని అర్థం. పైన వాజేడు మండలం పేరూరు దగ్గర కేంద్ర జల సంఘం గేజి ఉంది. ప్రాణహిత, ఇంద్రావతి రెండూ గోదాట్లో కలిశాక వచ్చే ఊరది. అక్కడ తగ్గడం మొదలైతే కొన్ని గంటల తర్వాత మీ దగ్గరా తగ్గుతుంది. శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తారని ఛానెళ్లు గోల చేస్తే ఊళ్లో అందరికీ గుండె దడ. నిజానికి భద్రాచలాన్ని ముంచే నీరు ఎక్కువగా వచ్చేది ప్రాణహిత, ఇంద్రావతుల నుంచే. విదర్భలో, బస్తర్‌లో రెండు మూడు రోజులు ఆగకుండా వానలు పడుతున్నాయంటే మీరు చెవి అటు పెట్టాలి. ఇంకొకటి, కిందికి కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. శబరి కూడా నిండుగా ఉంటే గోదారి త్వరగా తీయదు. పైన తగ్గినా మీ దగ్గర అంకె అక్కడక్కడే ఆడుతుంటే కారణం తరచూ అదే.

ఇప్పుడు మీ ఇంటి దగ్గరికి వద్దాం. ఒక ఆదివారం పొద్దున్నే చేయగల పని ఇది.

ముందు గోడలు చూడండి. కింది పోర్షన్ గోడకు నాలుగడుగుల ఎత్తు దాకా ఒక రంగు, పైన ఇంకో రంగు ఉంటే ఎందుకని అడగండి. అందం కోసం కావచ్చు, తడి మచ్చలు కప్పడానికీ కావచ్చు. స్విచ్ బోర్డులు మామూలు కన్నా ఎత్తున, భుజం దాటి ఉంటే ఆ ఇంటికి ఒకసారి అనుభవం అయిందని నేననుకుంటాను. తలుపు అడుగు చెక్క ఉబ్బి పొరలు లేవడం, ఇనప గేటు మీద తిన్నగా గీత గీసినట్టు తుప్పు ఆగిపోవడం కూడా అలాంటివే. నేను కొత్తగా పెళ్లయినప్పుడు ఒక వాగు పక్క అద్దెకు దిగాను. గోడలకు కొత్త సున్నం చూసి మురిసిపోయాను. ఆ సున్నం కింద ఏముందో శ్రావణంలో తెలిసింది. సర్టిఫికెట్లన్నీ బీరువా అడుగు అరలో పెట్టాను. వాటిని దండెం మీద బట్టల్లా ఆరేసుకున్నాం.

తర్వాత పాత కాపురస్థులను కలవండి. "ఇక్కడికి నీళ్లొచ్చాయా?" అని అడిగితే "అబ్బే" అంటారు. "2022లో ఏ మెట్టు దాకా వచ్చాయి?" అని అడగండి, వేలుపెట్టి చూపిస్తారు. ఆ గుర్తు నుంచి మీ గుమ్మానికి ఎంత తేడా ఉందో ఏ మేస్త్రీని పిలిచినా చెప్తాడు. పారదర్శకంగా ఉండే సన్న ప్లాస్టిక్ పైపులో బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొస ఆ గుర్తు దగ్గర, రెండో కొస మీ గోడ దగ్గర పట్టుకుంటే రెండు చోట్లా నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. పెన్సిల్‌తో గీత గీసుకోవడమే. పునాదులు లెవెల్ చూసేది అలాగే. ఒక్కటి మాత్రం మర్చిపోకండి. ఆ గీత కట్ట లోపలి నీటిది, గోదారిది కాదు. దాని పక్కన 71.3 అని రాయకండి, "2022, ఊరి నీరు" అని రాయండి.

గోదారి లెక్కలో మీ ఇంటి ఎత్తు కూడా కావాలంటే సముద్ర మట్టం నుంచి మీ గచ్చు ఎత్తు తెలియాలి. సర్వే చేసేవాళ్లు దగ్గర్లోని బెంచ్ మార్కు రాయి నుంచి చూసి చెప్తారు. ఫోన్లో చూపించే ఎత్తును నమ్మొద్దు, అది మీటర్ల కొద్దీ తప్పుతుంది. మాటవరసకు మీ గచ్చు 54 మీటర్లు అనుకుందాం. అడుగుల్లో 177.2. ఇందాకటి 107 తీసేయండి, 70.2. అంటే కట్టే లేకపోతే 2022 వరద మీ ఇంట్లో అడుగు పైన నిలిచేది, 86 వరద అయిదడుగులు దాటేది. కట్ట మీద మనం ఎంత బరువు పెట్టామో తెలుసుకోవడానికి ఈ లెక్క. కట్ట వెనక ఇల్లు అంటే వరద రాని ఇల్లని కాదు, కట్ట బాగున్నంత వరకు రాని ఇల్లని. ఎలుక బొరియలు, కట్ట మీద ఊరి వాళ్లు కొట్టే అడ్డదారులు, తుప్పుపట్టిన షట్టర్లు... ఇవన్నీ వేసవిలో చూడాల్సినవి. మన వాళ్లకు వేసవిలో వరద గుర్తుకు రాదు.

పెద్దాయన గారి వందేళ్ల వరద. ఈ పేరు పెట్టినవాళ్లకు దండం పెట్టాలి, ఇంత మందిని తప్పుదారి పట్టించిన మాట ఇంకోటి లేదు. వందేళ్ల వరద అంటే వందేళ్లకోసారి వచ్చి వెళ్లి, మళ్లీ క్యాలెండర్ చూసుకుని వచ్చేది కాదు. ఏ ఏడాదైనా ఆ స్థాయి వరద రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని. పోయినేడు వచ్చిందా లేదా అన్నది ఈ ఏటి గోదారికి తెలియదు. భద్రాచలంలోనే చూడండి. 1986లో 75.6. నాలుగేళ్లకే, 1990లో 70.8. తర్వాత 2022లో 71.3. డెబ్బై దాటడం ఒక్క ఉద్యోగ జీవితంలో మూడుసార్లు. పెద్దాయన మూడూ చూసే ఉంటారు. మనసు పెద్ద అంకెనే గుర్తుపెట్టుకుంటుంది.

మీ వరకు లెక్క వేసుకుందాం. మీరు ఇక్కడ మూడేళ్లు ఉంటారనుకుంటే, నూటికి ఒక వంతు వరదను చూసే అవకాశం ఆ మూడేళ్లలో నూటికి మూడు. అదే ఖమ్మంలో ఇరవై ఏళ్ల లోను పెట్టి ఇల్లు కడితే, లోను తీరేలోపు అలాంటి వరదను చూసే అవకాశం నూటికి పద్దెనిమిది. ముప్పై ఏళ్లకైతే ఇరవై ఆరు. అద్దె ఇంటికి ఇంత కంగారు పడుతున్న మీరు, మీవారు చూస్తున్న ప్లాటు గురించి రెండు ముక్కలే రాశారు. నాకైతే అదే పెద్ద విషయంలా కనిపిస్తోంది.

గోదారి పెద్ద నది. పైన ఎక్కడో పెరిగి, పేరూరు దాటి, మీకు సమయం ఇచ్చి వస్తుంది. మున్నేరు అలా కాదు. పైన కొన్ని గంటలు గట్టిగా వాన పడితే కొన్ని గంటల్లో ఖమ్మంలో ఉంటుంది. అక్కడ మొదటి హెచ్చరిక 16 అడుగులు, రెండోది 24. 2024 సెప్టెంబర్ 1న 36 అడుగులు దాటింది. బొక్కలగడ్డ, ప్రకాశ్ నగర్ లాంటి చోట్ల జనం ఇళ్ల కప్పుల మీదికి ఎక్కారు. సామాను సర్దుకునే వ్యవధి కూడా లేదు.

ఏజెంటు చెప్పిన మాటలు ఒక్కోటి విప్పుదాం. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు. నదికి ఎఫ్‌టీఎల్ ఉండదు. మున్నేరు పక్క ప్లాటుకు "ఎఫ్‌టీఎల్‌లో లేదు" అనడం, పిల్లి మొరగలేదని సర్టిఫికెట్ ఇచ్చినట్టుంది. నదికి అడగాల్సింది ఇప్పటిదాకా నమోదైన అత్యధిక వరద మట్టం, 2024లో ఆ సర్వే నంబరులో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయన్నది.

బఫర్ అన్నది చట్టం గీసిన గీత. 2012లో వచ్చిన 168వ నంబరు జీవో ప్రకారం నది హద్దు నుంచి మున్సిపాలిటీ, కార్పొరేషన్ పరిధిలో 50 మీటర్లు, బయటైతే 100 మీటర్లు కట్టడాలు ఉండకూడదు. పది మీటర్ల కన్నా వెడల్పైన వాగుకు, నాలాకు 9 మీటర్లు. ఆ హద్దును నీటిపారుదల, రెవెన్యూ శాఖలు నిర్ణయించి ధ్రువీకరించాలి, ఏజెంటు టేపు పట్టుకుని కాదు. అంతా సక్రమంగానే ఉందనుకోండి. 51వ మీటరులో ఇల్లు కట్టుకోవచ్చని చట్టం అంటుంది. 51వ మీటరు దగ్గర ఆగాలని మున్నేరుకు ఎవరూ చెప్పలేదు. వరద మైదానాల్లో ఎక్కడ ఏం కట్టొచ్చో విభజించమని కేంద్రం 1975లోనే నమూనా బిల్లు రాష్ట్రాలకు పంపింది. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్ లాంటి కొద్ది రాష్ట్రాలే దాని మీద చట్టం చేశాయి. కాబట్టి బఫర్ దాటింది అంటే నోటీసు రాదని, నీరు రాదని కాదు.

ఎల్ఆర్ఎస్ అంటే అనుమతి లేని లేఅవుట్‌ను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేయడం. ఆ రసీదు వల్ల ప్లాటు ఒక్క అంగుళం కూడా ఎత్తు పెరగదు.

స్థలం చూడ్డానికి వెళ్తే నదికి ఎంత దూరం అని మాత్రమే చూడకండి. చాలామంది పొరబడేది ఇక్కడే. నది ఏళ్ల తరబడి తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు వల్ల తరచూ ఒడ్డు పక్క నేల మిట్టగా ఉంటుంది, దూరం జరిగే కొద్దీ పల్లం అవుతుంది. ఒడ్డు దాటిన నీళ్లు ఆ వెనకటి పల్లంలోకి దిగి, నది తగ్గాక కూడా కదలకుండా ఉంటాయి. కిలోమీటరు దూరంలో ఇల్లు మునిగి, ఒడ్డు మీది గుడి మునగకపోవడం అందుకే. ఇంకో తేడా కూడా కనుక్కోండి. నీళ్లు అక్కడ నిలిచాయా, పారాయా? నిలిచిన నీళ్లు సామాను పాడుచేస్తాయి. పారే నీళ్లు ప్రహరీలను పడగొడతాయి, పునాదిని కోస్తాయి, మనిషిని మోకాలి లోతులోనే పడేస్తాయి. నిలిచే ముంపులో స్తంభాల మీద ఇల్లు లేపుకుంటే కొంత నయం. పారే ముంపులో ప్లాటు ఎంత చవకైనా వద్దని చెప్పండి. మీవారిని చుట్టుపక్కల పాన్ డబ్బా అతన్ని, పాలు పోసే ఆవిడను అడగమనండి. వాళ్లకు అమ్మే ప్లాట్లేమీ ఉండవు.

అద్దె ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఇంకో చిన్న మాట. భారత్ గృహ రక్ష అని 2021 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలు ఒకే నమూనాలో ఇచ్చే పాలసీ ఉంది, అందులో వరద కూడా ఉంటుంది. సామానుకు తీసుకోవచ్చేమో కనుక్కోండి. వానాకాలం ముందే ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, బీరువా ఫొటోలు తీసి పెట్టుకోండి. బండి నీళ్లలో మునిగితే మాత్రం కంగారులో సెల్ఫ్ కొట్టొద్దు, ఇంజన్ పోయిందంటే బీమా వాళ్లు వంద కొర్రీలు పెడతారు.

ఇల్లు ఎప్పుడు వదలాలన్నది మీరు అడగలేదు, కానీ అత్తయ్య గారి షుగర్ సంగతి రాశారు కాబట్టి చెప్తున్నాను. మీ గుమ్మంలోకి నీళ్లు వచ్చేదాకా ఆగితే అప్పటికి వెళ్లడానికి దారి ఉండదు. 2022 జూలైలో గోదారి వంతెన మీద రాకపోకలు ఆపేశారు. వంతెన మూస్తే సారపాక, కొత్తగూడెం వైపు దారి లేదు. ఇటు దుమ్ముగూడెం, కూనవరం వైపు రోడ్లు ఒక్కొక్కటిగా ముందే తెగుతాయి. ఊరు లంక అయిపోతుంది. అందువల్ల మీరు ఇలా పెట్టుకోండి. 43 దగ్గర ఇన్సులిన్, మాత్రలు రెండు వారాలకు తెచ్చి పెట్టుకోవడం, సర్టిఫికెట్లు పై అటక మీదికి. 48 దాటి ఇంకా ఎక్కుతూ, పేరూరు దగ్గర కూడా తగ్గకపోతే అత్తయ్యను, పిల్లలను వంతెన దాటించి బంధువుల ఇంటికి పంపేయడం. 53 అన్న మెసేజ్ వచ్చే వేళకు వాళ్లు మీతో ఫోన్లో మాట్లాడుతూ ఉండాలి. ఒకసారి అనవసరంగా పంపామని తర్వాత అనిపించినా పర్లేదు, బస్సు చార్జీలే కదా పోయేది.

అత్తయ్యను ఆపకండి. నిండు గోదారికి పసుపు కుంకుమ వేయాలన్నది ఆవిడ కోరిక, ఇంట్లో కూర్చోబెడితే బీపీ పెరుగుతుంది. కాకపోతే స్నానఘట్టం మెట్ల మీదికి వద్దు. మొదటి హెచ్చరిక వేళకే అక్కడ కింది మెట్లు ఎక్కడున్నాయో కనిపించవు, పాచి మీద కాలు జారితే ఆవిడ మోకాళ్లు ఆపుకోలేవు. పగటి పూట, ఆటో కట్ట దగ్గరి దాకా తీసుకెళ్లి, పోలీసులు ఎక్కడ ఆపితే అక్కడే ఆగి, ఎత్తు మీద నుంచే దండం పెట్టించండి. పసుపు కుంకుమ పొట్లం అక్కడ కాపలా ఉన్నవాళ్లకిస్తే వాళ్లే వేస్తారు. ఆవిడ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటున్నప్పుడు మీరు కాస్త పక్కకు వెళ్లి తూము దగ్గర షట్టరు దించారో లేదో, పక్కన మోటార్లు దించి పైపులు కట్టారో లేదో చూసి రండి.